ఒకే కాడికి రెండెద్దులు: ఎడమ మెదడు, కుడి మెదడుల చరిత్ర



ప్రత్యేక సంచికకు ఏదైనా చరిత్ర విషయం వ్రాయమని మన సంఘ కార్యదర్శి గారు అడిగారు. రెవెన్యూ శాఖలో 34 సంవత్సరాలు పనిచేసి 2009లో రాప్తాడులో స్థిరపడిన నాకు తెలిసిన చరిత్ర అంతా అడంగళ్ళు, జమాబందీ లెక్కలు, కరువు నివేదికలే. అవి సర్వీసులో వ్రాసి వ్రాసి విసిగిపోయాను, చదివి మీరూ విసిగే ఉంటారు. కాబట్టి ఈసారి మన తలలోపలి చరిత్ర వ్రాస్తున్నాను. నేను డాక్టరును కాను. ఇద్దరు ఆప్తుల విషయంలో నేను చేసిన పొరపాటు నన్ను ఈ విషయం చదివేటట్లు చేసింది. ఆ పొరపాటు మీ ఇళ్ళలో జరగకూడదనే ఈ వ్యాసం.

మన పల్లెల్లో సేద్యం చేసినవారికి దాపటెద్దు, వలపటెద్దు అనే మాటలు కొత్త కాదు. కాడికి ఎడమవైపు కట్టేది దాపటెద్దు, కుడివైపు కట్టేది వలపటెద్దు. రెండూ ఎద్దులే, రెండూ ఒకే మడక లాగుతాయి. అయినా అలవాటైన ఎద్దును పక్క మార్చి కడితే సాలు వంకర పోతుంది. మన మెదడు కూడా అట్లాంటిదే. చూడటానికి అక్రోటు పప్పులాగా రెండు సగాలు. ఎడమ సగం శరీరంలోని కుడి భాగాన్ని, కుడి సగం ఎడమ భాగాన్ని నడిపిస్తాయి. రెండింటినీ కలిపే కాడి ఒకటున్నది. సుమారు 20 కోట్ల నరాల పోగులతో కూడిన ఆ కట్టకు కార్పస్ కలోసమ్ అని పేరు.

ఇద్దరు రోగులు

మొదటి వ్యక్తి మా అక్క. 2011లో ఆమెకు పక్షవాతం వచ్చి ఎడమ చేయి, ఎడమ కాలు పడిపోయాయి. అంటే దెబ్బ తగిలింది కుడి మెదడుకు. మాట చక్కగా ఉంది. ఎవరు పలకరించినా, "నాకేమైందిరా, బాగానే ఉండాను" అని నవ్వేది. చేయి ఎత్తమంటే ఎత్తినాను కదా అనేది. మేమంతా ఆమె ధైర్యాన్ని చూసి మురిసిపోయాము. "గుండె నిబ్బరం అంటే అక్కదే" అని వచ్చిన చుట్టాలకు చెప్పుకున్నాము. కంచంలో సంగటి ముద్ద, ఊరిబిండి పెడితే కుడివైపున్నది తిని ఎడమవైపున్నది వదిలేసేది. వంట నచ్చలేదేమోనని కోడలు చిన్నబుచ్చుకునేది. ఒకరోజు తెల్లవారుజామున ఎవరినీ పిలవకుండా మంచం దిగి నడవబోయి పడింది. తుంటి ఎముక విరిగింది. ఆ తరువాత మంచం దిగలేదు.

రెండవ వ్యక్తి నా మిత్రుడు, ప్రాథమిక పాఠశాల ప్రధానోపాధ్యాయుడుగా రిటైరైనవాడు. ఊరంతా ఆయనను అయివారు అనే పిలిచేది, నేనూ అట్లే పిలిచేవాణ్ణి. రోజూ తెల్లవారి హైవే దాకా ఇద్దరం నడిచి, టీ తాగి, పేపరు చదివి వచ్చేవాళ్ళం. 2016లో ఆయనకు కుడి చేయి, కుడి కాలు పడిపోయి మాట పోయింది. ఇది ఎడమ మెదడు దెబ్బ. బెంగుళూరులో మూడు వారాలు వైద్యం చేయించి ఇంటికి తెచ్చారు. చేతికి, కాలికి వ్యాయామం చేయించమని చెప్పి పంపారు. ఆయన చేసేవాడు కాదు. గోడవైపు తిరిగి పడుకునేవాడు. పలకరిస్తే కళ్ళలో నీళ్ళు తిరిగేవి.

ఆ సంవత్సరం జీవన ధృవీకరణ పత్రం కోసం ఆయనను ఒక కార్యాలయానికి తీసుకుపోయాము. కుడి చేయి లేవదు, ఎడమ చేత్తో సంతకం పెట్టబోయాడు. పాత సంతకంతో కలవలేదని అక్కడి గుమాస్తా నలుగురిలో గట్టిగా, "మళ్ళీ పెట్టండి, సరిగా పెట్టండి" అన్నాడు. అయివారు రెండుసార్లు ప్రయత్నించి, కలం విసిరికొట్టి, చిన్నపిల్లవాడిలాగా వెక్కి వెక్కి ఏడ్చాడు. చివరకు వేలిముద్రతో పని జరిగింది. దారిలో నాకు సిగ్గువేసింది. ఇంటికి వచ్చాక ఆయన మంచం పక్కన కూర్చొని కఠినంగా మాట్లాడాను.

"ఏమప్పా అయివారూ, పెన్షను వస్తాంది కదా అని ఇట్లే పండుకుంటే కాళ్ళు ఎట్ల వస్తాయి? మా అక్కను చూడలేదా, ఎంత ధైర్యంగా ఉండె! నీకు సోమరితనం పట్టింది" అన్నాను.

ఆయన నావైపు చూసిన చూపు ఇప్పటికీ మరచిపోలేదు. జవాబు చెప్పడానికి ఆయనకు మాట లేదు.

మరుసటి నెల బెంగుళూరులో డాక్టరు గారికి చూపించడానికి నేనూ తోడు పోయాను. నా ఫిర్యాదు విని ఆయన శాంతంగా చెప్పిన మాటల సారాంశం ఇది: మీ అక్కగారిది ధైర్యం కాదు, జబ్బు. మీ మిత్రునిది సోమరితనం కాదు, అదీ జబ్బే. తిరుగు బస్సులో సుమారు 200 కిలోమీటర్లు నేను ఒక్క మాట మాట్లాడలేదు. ఆ తరువాత మనవడి సహాయంతో ఈ విషయం చదవటం మొదలుపెట్టాను. నేను తెలుసుకున్న చరిత్ర క్లుప్తంగా విన్నవిస్తాను.

మాట ఎడమవైపు ఉన్నదని తెలిసిన కథ

1861వ సంవత్సరం ఏప్రిల్ నెలలో పారిస్ దగ్గరి బిసెత్ర్ ఆసుపత్రిలో పాల్ బ్రోకా అనే శస్త్రవైద్యుడి దగ్గరకు లెబోర్న్ అనే 51 ఏళ్ళ రోగిని తెచ్చారు. ఆ మనిషి ఇరవై ఏళ్ళకు పైగా ఆ ఆసుపత్రిలోనే ఉన్నాడు. ఏమడిగినా "టాన్, టాన్" అనే ఒక్క శబ్దమే పలికేవాడు. ఎదుటివారి మాటలు చాలావరకు అర్థమయ్యేవి. తాను చెప్పింది వారికి అర్థం కాకపోతే కోపం వచ్చి, ఆ కోపంలో మాత్రం ఒక తిట్టు మాట స్పష్టంగా బయటికి వచ్చేది. కొద్ది రోజులలోనే ఆయన మరణించగా బ్రోకా మెదడును పరీక్షించి ఎడమవైపు ముందు భాగంలో దెబ్బతిన్న చోటు చూపించాడు. మరికొందరు రోగులను చూసిన తరువాత, మనం ఎడమ మెదడుతో మాట్లాడుతున్నామని 1865లో ప్రకటించాడు. మార్క్ డాక్స్ అనే పల్లెటూరి వైద్యుడు ఇదే సంగతి 1836లోనే వ్రాసి పెట్టాడని ఆయన కుమారుడు అదే 1865లో ఆ వ్యాసాన్ని అచ్చువేయించాడు. ఫైలు కదలక సీనియారిటీ పోగొట్టుకున్నవారు మన శాఖల్లోనే కాదు, శాస్త్రంలోనూ ఉన్నారన్నమాట.

1874లో జర్మనీకి చెందిన కార్ల్ వెర్నికె, మాట పలికే చోటు వేరు, మాట అర్థం చేసుకునే చోటు వేరు అని చూపించాడు. ఇంగ్లండులో జాన్ హ్యూలింగ్స్ జాక్సన్ ఇంకొక సూక్ష్మం గమనించాడు. ఆలోచించి కూర్చే మాట పోయినవారికి కూడా తిట్లు, ప్రార్థనలు, లెక్కపెట్టటం వంటి అలవాటు మాటలు మిగిలి ఉండవచ్చు. ఈ సంగతి నాకు తరువాత ఎంతగానో ఉపయోగపడింది. దాని గురించి చివర చెబుతాను.

నవ్వే రోగి, ఏడ్చే రోగి

మాట సంగతి తేలింది. మరి మనసు సంగతి? 1914లో పారిస్‌లో జోసెఫ్ బాబిన్‌స్కీ, ఎడమ చేయి, కాలు పడిపోయి కూడా ఆ సంగతే తెలియని రోగులను వర్ణించి ఆ స్థితికి అనోసోగ్నోసియా అని పేరు పెట్టాడు. జబ్బున్నదనే తెలివిడి లేకపోవటం అని దాని భావం. మా అక్క మాట చదువుతున్నట్లే ఉంది నాకు. ఎడమవైపు ప్రపంచాన్నే గమనించకపోవటం కూడా కుడి మెదడు దెబ్బతిన్నవారిలో ఎక్కువ. కంచంలో సగం అన్నం మిగిలింది కోడలి వంట బాగాలేక కాదు. ఆ సగం కంచం మా అక్క గమనికలోకే రాలేదు.

మొదటి ప్రపంచ యుద్ధంలో తలకు గాయాలైన సైనికులకు జర్మనీలోని ఫ్రాంక్‌ఫర్ట్‌లో వైద్యం చేసిన కుర్ట్ గోల్డ్‌స్టైన్ ఇంకొక రకం ప్రవర్తన చూశాడు. చిన్న పని చేయమంటే, అది చేతకాకపోతే, రోగి ఒక్కసారిగా కుప్పకూలి ఏడవటం, వస్తువులు విసరటం, ముఖం తిప్పుకోవటం. దీనికి ఆయన విపత్తు ప్రతిక్రియ అని పేరు పెట్టాడు. ఆ కార్యాలయంలో అయివారు కలం విసిరికొట్టిన దృశ్యానికి ఎప్పుడో పేరు పెట్టి ఉన్నదని తెలిసినప్పుడు నా మనసు ఎట్లా ఉండి ఉంటుందో ఊహించండి.

1949లో జపానుకు చెందిన జూన్ వాడా ఒక పరీక్ష కనిపెట్టాడు. మెడలోని ఒక వైపు రక్తనాళంలోకి మత్తుమందు ఎక్కిస్తే ఆ వైపు మెదడు మాత్రం కొద్ది నిమిషాలు నిద్రపోతుంది. ఆపరేషనుకు ముందు మాట ఏ వైపు ఉన్నదో తెలుసుకోవటానికి ఇది ఉపయోగపడింది. ఈ పరీక్ష వల్ల కుడిచేతి వాటం వారిలో నూటికి సుమారు 96 మందికి, ఎడమచేతి వాటం వారిలో కూడా నూటికి 70 మందికి మాట ఎడమ మెదడులోనే ఉన్నదని మాంట్రియల్ వైద్యులు లెక్క తేల్చారు. 1959లో ఇటలీలో టెర్జియన్, చెకొట్టో అనేవారు, ఎడమ మెదడుకు మత్తు ఇచ్చినప్పుడు రోగి నిరాశతో ఏడవటం, కుడి మెదడుకు ఇచ్చినప్పుడు అకారణంగా సంతోషించటం చూశామని వ్రాశారు. అయితే మాంట్రియల్‌లో బ్రెండా మిల్నర్ అదే పరీక్షలో ఇటువంటి తేడా కనబడలేదని 1967లో తెలిపింది. శాస్త్రంలో ఒక సాక్షి చెప్పినంతమాత్రాన తీర్పు రాదు.

1972లో ఇటలీకే చెందిన గైడో గైనోట్టి 160 మంది రోగులను పరిశీలించాడు. ఎడమ మెదడు దెబ్బతిన్నవారిలో విపత్తు ప్రతిక్రియలు, కుడి మెదడు దెబ్బతిన్నవారిలో జబ్బును పట్టించుకోని నిర్లిప్తత ఎక్కువని తేల్చాడు. 1980 దశకంలో అమెరికాలో రాబర్ట్ రాబిన్సన్, ఎడమ మెదడులో దెబ్బ నుదుటికి ఎంత దగ్గరగా ఉంటే దిగులు అంత ఎక్కువని చూపించాడు. కానీ 2000లో లాన్సెట్ పత్రికలో, అప్పటివరకు వచ్చిన పరిశోధనలన్నింటినీ కలిపి చూసినవారు, దిగులుకు ఎడమ వైపే కారణమనటానికి చాలినంత ఆధారం లేదన్నారు. మాట పోయిన మనిషికి దిగులు రావటానికి మెదడులోని చోటు ఒక్కటే కారణం కానక్కరలేదు. తన స్థితి తనకు తెలియటమే పెద్ద దుఃఖం కదా!

కాడి విప్పిన ప్రయోగం

1960 దశకంలో అమెరికాలోని కాలిఫోర్నియాలో, మూర్ఛ ఎంతకూ తగ్గని కొందరికి వోగెల్, బోగెన్ అనే శస్త్రవైద్యులు రెండు సగాలను కలిపే నరాల కట్టను కోసివేశారు. మూర్ఛలు తగ్గాయి. పైకి మనుషులు మామూలుగానే ఉన్నారు. వారిని రోజర్ స్పెర్రీ, ఆయన శిష్యుడు మైకేల్ గజానిగా ఓపికగా పరీక్షించారు. కుడి మెదడుకు మాత్రమే కనబడేటట్లు ఒక వస్తువు బొమ్మ చూపితే రోగి, "నాకేమీ కనబడలేదు" అనేవాడు. కానీ ఆయన ఎడమ చేయి తడిమి సరిగ్గా ఆ వస్తువునే తీసేది. ఈ కృషికి 1981లో స్పెర్రీకి నోబెల్ బహుమానంలో భాగం లభించింది.

తరువాత గజానిగా చేసిన ఒక ప్రయోగం మన పంచాయితీలను గుర్తుకు తెస్తుంది. ఒక రోగి ఎడమ మెదడుకు కోడికాలు బొమ్మ, కుడి మెదడుకు మంచు కప్పిన ఇంటి బొమ్మ చూపారు. ముందున్న చిత్రాలలో సరిపోయేవి ఏరమంటే, కుడి చేయి కోడిని, ఎడమ చేయి మంచు తోడే పారను చూపింది. పార ఎందుకని అడిగితే, మంచు సంగతి తెలియని ఎడమ మెదడు తడుముకోకుండా, కోళ్ళ గూడు శుభ్రం చేయటానికి పార కావాలి కదా అన్నది. తెలియకపోయినా తెలిసినట్లు కారణం అల్లటం మాటకారి మెదడు గుణం. మా అక్కది ధైర్యమనీ, అయివారిది సోమరితనమనీ నేను తీర్పు చెప్పినప్పుడు నా తలలోనూ ఈ పనే జరిగింది.

ముందుకు లాగే వైపు, వెనుకకు పట్టే వైపు

ఇక ప్రేరణ విషయం. ఒక పని చేయాలనే ఊపు ఎక్కడినుంచి వస్తుంది? తలపై తీగలు అమర్చి మెదడులోని విద్యుత్తును కొలిచే పద్ధతిని జర్మనీలో హాన్స్ బెర్గర్ 1929లో ప్రకటించాడు. 1970 దశకం చివరినుంచి అమెరికాలోని రిచర్డ్ డేవిడ్‌సన్, ఆయన సహచరులు ఆ పద్ధతితో నుదుటి వెనుక భాగాలను కొలిచారు. కావలసినదాని వైపు మనిషి ముందుకు పోయేటప్పుడు ఎడమవైపు, భయపడి లేదా అసహ్యపడి వెనుకకు తగ్గేటప్పుడు కుడివైపు చురుకు ఎక్కువని వారి సిద్ధాంతం. 1982లో పది నెలల పసిపిల్లలలో కూడా నవ్వే ముఖం చూసినప్పుడు ఎడమవైపు చురుకు ఎక్కువని వ్రాశారు.

మొదట చాలామంది దీనిని, ఎడమవైపు సంతోషం, కుడివైపు దుఃఖం అని అర్థం చేసుకున్నారు. మరి కోపం సంగతేమిటి? కోపం సుఖమైన భావం కాదు. కానీ కోపం వచ్చినవాడు వెనుకకు పోడు, మీదికి వస్తాడు. 1998లో హార్మన్-జోన్స్, ఆలెన్ అనేవారు కోప స్వభావం ఉన్నవారిలో ఎడమవైపే చురుకు ఎక్కువని చూపించారు. కాబట్టి తేడా మంచికీ చెడ్డకూ కాదు, ముందుకు పోవటానికీ వెనుకకు తగ్గటానికీ అని సిద్ధాంతం సవరించబడింది.

ఈ తేడా మనుషులకే పరిమితం కాదు. ఆస్ట్రేలియాలో లెస్లీ రోజర్స్ కోడిపిల్లలను పరిశీలించింది. రాళ్ళలో గింజలు ఏరటానికి అవి కుడి కన్ను, అంటే ఎడమ మెదడు, ఎక్కువ వాడతాయి. పైన గద్ద తిరుగుతున్నదా అని చూడటానికి ఎడమ కన్ను, అంటే కుడి మెదడు, వాడతాయి. శెనక్కాయ కళ్ళంలో గింజలేరుకునే కోడిని చిన్నప్పటినుంచి చూశాము. అది తల పక్కకు వంచి ఆకాశం ఎందుకు చూస్తుందో నాకు డెబ్బై ఏళ్ళకు గానీ తెలియలేదు. 2007లో ఇటలీ పరిశోధకులు 30 కుక్కలపై చేసిన పరీక్షలో, యజమానిని చూసినప్పుడు తోక కుడివైపుకు ఎక్కువగా, పెత్తనం చేసే కొత్త కుక్కను చూసినప్పుడు ఎడమవైపుకు ఎక్కువగా ఊగటం కనబడింది.

మన అనంతపురం రైతును తలచుకోండి. దేశంలో అతి తక్కువ వాన పడే జిల్లాలలో మనది ఒకటి. పోయిన ఏడు విత్తనం కూడా తిరిగి రాలేదు. అయినా తొలకరి పడితే మడక కడతాడు. అదే రైతు పదును చాలలేదని రెండు రోజులు చేయి ఆపుకుంటాడు కూడా. ముందుకు ఉరికే గుణం ఒక్కటే ఉంటే విత్తనం దుమ్ములో కలుస్తుంది. వెనుకకు పట్టే గుణం ఒక్కటే ఉంటే పొలం బీడు పడుతుంది. బ్రతకాలంటే గింజ చూసే కన్నూ కావాలి, గద్దను చూసే కన్నూ కావాలి.

పుర్రచేతివారి సంగతి

ఇందులో ఎడమచేతి వాటంవారి గురించి ఒక ముఖ్య విషయం ఉన్నది. 2012లో బ్రుక్‌షైర్, కసాసాంటో అనేవారు గట్టి ఎడమచేతి వాటంవారిని పరీక్షించగా, ముందుకు పోయే ప్రేరణ కుడి మెదడు వైపు కనబడింది, అంటే తలక్రిందులు. కత్తి పట్టే చేతిని నడిపే వైపే ముందుకు పోయే ఊపు, డాలు పట్టే చేతిని నడిపే వైపు కాచుకునే గుణం ఉంటాయేమోనని వారి ఊహ. ఇది ఇంకా విచారణలో ఉన్న విషయమే. దిగులు జబ్బుకు తలపై అయస్కాంత తరంగాలతో ఎడమ నుదుటి భాగాన్ని ప్రేరేపించే చికిత్సకు అమెరికా ప్రభుత్వం 2008లో అనుమతి ఇచ్చింది. ఎడమచేతి వాటంవారికి కూడా అదే వైపు ప్రేరేపించటం సరైనదేనా అనే ప్రశ్న అందువల్ల వచ్చింది. మన ఇళ్ళలో పుర్రచేతితో వ్రాసే మనవళ్ళను కొట్టి కుడిచేతికి మార్చే అలవాటు ఇంకా అక్కడక్కడా ఉన్నది. దయచేసి మానుకోండి. ఆ చేయి వెనుక ఉన్నది చెడ్డ అలవాటు కాదు, పుట్టుకతో వచ్చిన మెదడు అమరిక.

ఇంకొక హెచ్చరిక. స్పెర్రీ ప్రయోగాల తరువాత, ఫలానావారు ఎడమ మెదడు మనుషులు కాబట్టి లెక్కల్లో దిట్టలు, ఫలానావారు కుడి మెదడు మనుషులు కాబట్టి కళాకారులు అనే ప్రచారం ప్రపంచమంతా వ్యాపించింది. 2013లో అమెరికాలోని యూటా విశ్వవిద్యాలయంవారు 1,011 మంది మెదడు చిత్రాలు పరిశీలించి, మనుషులు అట్లా రెండు జాతులుగా లేరని తేల్చారు. మాట ఎడమవైపు, గమనిక కుడివైపు ఎక్కువగా ఉండటం నిజమే. కానీ ఒక మనిషి మొత్తంగా ఒక వైపు మెదడుతో బ్రతకడు. కాబట్టి, పిల్లల కుడి మెదడు తెరిపిస్తామని ఎవరైనా వేలకు వేలు ఫీజు అడిగితే మీ పెన్షను డబ్బు అందులో పెట్టకండి.

హైదరాబాదు నుండి ఒక శుభవార్త

ఈ చరిత్రలో మన తెలుగు రోగులకూ స్థానమున్నది. హైదరాబాదులోని నిజామ్స్ వైద్య విజ్ఞాన సంస్థలో డాక్టర్ సువర్ణ అల్లాడి, ఆమె సహచరులు మతిమరుపు జబ్బు వచ్చిన 648 మందిని పరిశీలించి 2013లో ఫలితాలు ప్రకటించారు. రెండు లేదా అంతకంటే ఎక్కువ భాషలు మాట్లాడేవారికి, ఒకే భాష వచ్చినవారి కంటే సగటున నాలుగున్నర ఏళ్ళు ఆలస్యంగా జబ్బు లక్షణాలు మొదలయ్యాయి. చదువురాని వారిలో కూడా ఈ తేడా కనబడింది. 2016లో అదే సంస్థలో పక్షవాతం వచ్చిన 608 మంది లెక్క వచ్చింది. జబ్బు తరువాత తెలివితేటలు మామూలుగా నిలిచినవారు బహుభాషలవారిలో నూటికి 40 మంది, ఏకభాషవారిలో నూటికి 20 మందికి తక్కువ. మాట పడిపోవటంలో మాత్రం ఇద్దరికీ తేడా లేదు.

కర్ణాటక సరిహద్దు జిల్లావాళ్ళం. ఇంట్లో తెలుగు, సంతలో కన్నడం, పక్కింట్లో ఉర్దూ మనకు మామూలు. అది పెద్ద చదువు కాదని ఇంతకాలం చిన్నచూపు చూసుకున్నాము. మనవళ్ళతో తెలుగు మాట్లాడండి, మీరు వాళ్ళ దగ్గర ఇంకొక భాష నేర్చుకోండి.

మన ఇళ్ళలో ఏమి చేయవచ్చు

పక్షవాతం వచ్చినవారిలో సుమారు మూడింట ఒకవంతు మందికి దిగులు జబ్బు వస్తుంది. అంతే నిష్పత్తిలో, ఏ పనీ చేయాలని అనిపించని నిరాసక్తత కూడా కనబడుతుంది. రెండూ ఒకటి కావు. దిగులున్నవాడు బాధపడుతూ ఉంటాడు. నిరాసక్తత ఉన్నవాడికి బాధ కూడా ఉండకపోవచ్చు, ఊపు మాత్రం ఉండదు. రెండింటికీ తిట్లు మందు కాదు. డాక్టరుకు చేయి, కాలు సంగతితో పాటు మనసు సంగతి కూడా చెప్పాలి. మందులున్నాయి, పద్ధతులున్నాయి.

ఎడమవైపు పడిపోయి నవ్వుతూ ఉన్నవారిని ఒంటరిగా వదలకండి. వారి మాట నమ్మి మంచం దగ్గర కాపలా తీసివేయకండి. కంచం కుడివైపుకు జరపండి. కుడివైపు పడిపోయి మాట పోయినవారి ముందు వారి గురించి వారు లేనట్లు మాట్లాడకండి. చాలామందికి ఎంతోకొంత అర్థమవుతుంది. చేతకాని పని నలుగురిలో చేయించకండి. మూతి వంకరపోయినా, చేయి జారిపోయినా, మాట తడబడినా వెంటనే 108కి ఫోను చేయండి. రక్తపు గడ్డను కరిగించే మందు సాధారణంగా నాలుగున్నర గంటలలోపు ఇవ్వాలి.

చివరగా అయివారి సంగతి. హ్యూలింగ్స్ జాక్సన్ చెప్పిన అలవాటు మాటల సంగతి చదివిన మరునాడు ఆయన ఇంటికి పోయాను. 1973లో అమెరికాలోని బోస్టన్ వైద్యులు మాట పోయినవారికి రాగంతో మాట నేర్పే పద్ధతి మొదలుపెట్టారని కూడా చదివి ఉన్నాను. నీళ్ళు అనే మాట కూడా పలకలేని ఆ మనిషి పక్కన కూర్చొని, మనం చిన్నప్పుడు బడిలో పాడినట్లు రెండో ఎక్కం మొదలుపెట్టాను. "రెండొకట్ల రెండు" అన్నాను. ఆయన గోడవైపునుంచి ఇటు తిరిగాడు. "రెండ్రెళ్ళు" అని నేను ఆగాను. పెదవులు వణికాయి. "నాలుగు" అన్నాడు.

వేలమంది పిల్లలకు ఆ ఎక్కం నేర్పిన గొంతు అది. ఆరోజు పదో మెట్టు దాకా ఇద్దరం పోయాము. లోపల వాళ్ళ కోడలు పని ఆపి వచ్చి తలుపు దగ్గర నిలబడింది. మాట పూర్తిగా తిరిగి రాలేదు. కానీ ఆనాటినుంచి రోజూ ఎక్కం తరువాత కాసేపు కాలు కదిపేవాడు. కొన్ని నెలలకు కర్ర పట్టుకొని వీధి అరుగు దాకా వచ్చాడు. హైవే దగ్గరి టీ కొట్టు దాకా మాత్రం మళ్ళీ పోలేకపోయాము. 2019లో ఆయన స్వర్గస్థులైనారు.

నేను అన్న మాటకు క్షమించమని ఒకరోజు ఆయన చేయి పట్టుకొని అడిగాను. ఆయన ఎడమ చేత్తో నా భుజం తట్టాడు. అది క్షమించానని అర్థమో, పోనీలే అని అర్థమో నేను వ్యాఖ్యానం చేయను. తెలియనిదానికి కారణం అల్లటం మానుకోవాలని నేను నేర్చుకున్న పాఠం కదా! ఒక్కటి మాత్రం మనవి. దాపటెద్దు కుంటుతున్నప్పుడు మంచి సేద్యగాడు ముల్లుకర్రతో పొడవడు. మడక ఆపి, కాడి దించి, కాలు చూస్తాడు. మన ఇళ్ళలో మంచాన పడినవారి విషయంలో మనమూ ఆపాటి చేయగలిగితే చాలు.

సెలవు.